పక్కగాలిలో దిగిన విమానం

"తిప్పకు వదినా, తిప్పకు!" మరిది అరిచాడు.

వదిన తిప్పింది.

తెర మీద రన్‌వే ఎడమ పక్కకి జారిపోయి కనిపిస్తోంది. కుడివైపు నుంచి కొడుతున్న గాలికి ముక్కు అటు పెట్టి, పీత నడిచినట్టు పక్కవాటుగా దిగుతోంది విమానం. నేల తరుముకొస్తోంది. వాళ్ళింటి మేడమీద గదిలో చేరి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానాలు నడుపుకునే క్లబ్బు సభ్యులంతా ఆమె కుర్చీ వెనక గుమిగూడి, తామే టిక్కెట్టు కొనుక్కుని అందులో ఎక్కినట్టు ఊపిరి బిగబట్టారు.

ఆమె కుడిచెయ్యి జాయ్‌స్టిక్‌ని ఎడమకి మెలితిప్పింది. పాలు పొంగబోతుంటే స్టవ్ మంట తగ్గించినంత సుతారంగా. ముక్కు వచ్చి రన్‌వే మధ్యగీత మీద నిలబడింది. అదే ఊపులో స్టిక్‌ని కాస్త కుడికి వంచి గాలి వైపు రెక్కని అణిచింది. ముందు కుడి చక్రం తాకింది. తర్వాత ఎడమది. ఆఖరున ముక్కు చక్రం.

గది దద్దరిల్లేలా చప్పట్లు.

"పరుపు మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు దింపారమ్మా!" అన్నాడు టవర్. లిఫ్టుల ఇన్స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎత్తుగా ఉంటాడు, ఎప్పుడూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అందరికీ అనుమతులిస్తూ ఉంటాడు. అందుకే క్లబ్బులో ఆయనకా పేరు.

"పరుపులమ్మేది మా ఆయన, పడుకోబెట్టేది మా అక్క," అంది తోడికోడలు, కాఫీ కప్పుల ట్రే పట్టుకుని.

వదిన నవ్వుతూ కుర్చీలోంచి దిగింది. అవును, దిగాల్సిందే. ఆమె కూర్చున్నది రెండు దిండ్ల మీద. పొట్టి మనిషి. కింద ఉన్న పెడల్స్‌కి కాళ్ళందవు కాబట్టి, అందరూ కాళ్ళతో చేసే పని ఆమె స్టిక్ మెలితిప్పి చేస్తుంది. క్లబ్బులో వాళ్ళు దాని మీద జోకులేస్తారు. ఆమె కూడా వేస్తుంది. కానీ ఇవాళ జోకుల్లేవు. ఆదివారం నాడు పెద్ద హాల్లో ప్రదర్శన. క్లబ్బు తరఫున జనం ముందు విమానం దింపే కుర్చీ ఒక్కటే. ఈ బుధవారం సాయంత్రం ఇదే గాలిలో, తమకి నచ్చిన విమానంలో ఎవరు బాగా దింపితే వాళ్ళకి ఆ కుర్చీ. మరిది తన చిన్న విమానాన్ని గీత గీసినట్టు దింపాడు. వదిన మాత్రం విడిగా కొనుక్కుని సిమ్యులేటర్‌కి కలుపుకున్న పెద్ద జెట్‌ని ఎంచుకుంది. అందరూ వద్దన్నారు. ఇప్పుడు అందరూ ఆమె భుజం తడుతున్నారు.

"కుర్చీ వదినగారిదే," అన్నాడు టవర్. "ఏమంటావు కెప్టెన్?"

కెప్టెన్ అంటే మరిది. పగలు పరుపుల షోరూమ్ మేనేజరు, సాయంత్రాలు కెప్టెను.

"అనడానికేముంది టవర్ గారూ, ఆటో రడ్డర్ టిక్ పెట్టి ఉంది దానికి," అన్నాడు మరిది కాఫీ తాగుతూ.

గదిలో చప్పుడు తగ్గింది.

రడ్డర్ అంటే తోక మీద నిలువుగా ఉండే పలక. విమానం ముక్కుని అటూ ఇటూ తిప్పేది అదే. పక్కగాలిలో దిగడమంటే సగం పని దానిదే. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడి ఉంటుంది. అందులో టిక్ పెడితే రడ్డర్ సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. నేర్చుకునేవాళ్ళ కోసం.

"వదిన కొత్తలో ఊరికే గడ్డిలోకి పోతోందని నేనే పెట్టా. పిల్లల సైకిల్‌కి పక్క చక్రాలు కట్టినట్టు. మళ్ళీ తీసిందెవరు?" అని నవ్వాడు. ఆ నవ్వులో విషం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నా చెయ్యి తిప్పింది," అంది వదిన.

"తిప్పాననుకున్నావు వదినా. అది తిప్పుకుంది. నేనంటే పెడల్స్ తొక్కుతా, నాకు ఆ టిక్‌తో పనిలేదు."

టవర్ హెడ్‌ఫోన్లు తీసి మెడకి వేసుకున్నాడు. ఇబ్బందైనప్పుడు అలా చేస్తాడు. "సొంతంగా దింపిందే లెక్కమ్మా. రూల్ రూలే. ఏమీ అనుకోకండి. ఆదివారం కెప్టెన్ కూర్చుంటాడు."

భుజం తట్టిన చేతులన్నీ కాఫీ కప్పుల మీదకి వెళ్ళిపోయాయి. ఎవరో "అయినా బాగా ట్రై చేశారు వదినా" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్త కంచం ముందు కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ విషయమంతా విన్నాడు. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు. లోకంలో ఏ గొడవైనా అద్దం మీద మరకే, తుడిస్తే పోతుందని ఆయన నమ్మకం.

"చిన్న టిక్కు గురించి తిండి మానేస్తావా?"

"తిండి మానలేదు. చూడండి, తింటున్నా. మాట్లాడటం మానేశా."

"వాడు ఊరికే అన్నాడే."

"ఊరికే అన్నాడు కాబట్టే ఊరుకోను," అంది వదిన.

మర్నాడు ల్యాబ్‌లో ఆమె ముందొక దవడ పన్ను ఉంది. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్ని బట్టి కొత్త పళ్ళు తయారు చేసే ల్యాబ్ అది. పన్ను అందంగా ఉంటే సరిపోదు. మిగతా పళ్ళతో గొడవ పడకూడదు. వెంట్రుకవాసి ఎత్తున్నా ఆ మనిషి అన్నం తిన్నంతసేపూ తయారు చేసినవాళ్ళని తిట్టుకుంటాడు.

ఆమె పైదవడ అచ్చుకీ కిందదవడ అచ్చుకీ మధ్య పల్చటి ఎర్ర కాగితం పెట్టి కొరికించింది. తెరిచి చూసింది. పన్ను మీద ఒక మూల ఎర్ర చుక్క. అక్కడ ఎత్తుందన్నమాట. చిన్న మర అందుకుని ఆ చుక్కని తాకీ తాకనట్టు అరగదీసింది. మళ్ళీ కాగితం, మళ్ళీ కొరుకుడు. ఈసారి చుక్క లేదు.

చెయ్యి ఆగిపోయింది. ఈ చెయ్యి తనది. మరలో వచ్చే చిన్న వణుకు కూడా దీనికి తెలుస్తుంది. నిన్న స్టిక్ తిప్పినప్పుడు ముక్కు తన వేళ్ళ వెనకాలే వచ్చింది, ముందు పరిగెత్తలేదు. ఆ సంగతి వేళ్ళకి గుర్తుంది. కానీ వేళ్ళు సాక్ష్యం చెబితే టవర్ రాసుకుంటాడా?

ఎర్ర కాగితం వంక చూసింది. పన్ను ఎక్కడ తగులుతోందో వాదించి తేల్చరు. కొరికించి చూస్తారు.

అంతే. అదీ కొరికించి చూడాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో అట్టపెట్టెలు దారికి అడ్డంగా ఉన్నాయి. మరిది వాటి మధ్య పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

"వదినా, నీకు పని తెచ్చా! కొత్త యోక్, కొత్త ఇంజన్ లీవర్లు, కొత్త పెడల్స్. ఆదివారం జనం ముందు పాత సామానేం బాగుంటుంది? నాకేమో షోరూమ్‌లో సేల్. నువ్వు బిగించి సెట్ చేసి పెట్టవా? నీ చేతికున్న ఓపిక నాకెక్కడిది?"

తోడికోడలు వంటింటి గుమ్మంలోంచి తల బయటపెట్టింది. వదిన ఏమంటుందోనని.

"అంటే సహాయం కావాలంటారు, మరిదిగారూ?"

"ఆ, సహాయమే," అన్నాడు మరిది హుషారుగా.

'గారు' ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు. తోడికోడలు మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం వదిన ల్యాబ్‌కి సెలవు పెట్టింది. చీర కొంగు నడుముకి దోపి పెట్టెలు విప్పింది. కారు స్టీరింగ్‌ని సగానికి కోసినట్టుండే యోక్‌ని బల్ల అంచుకి మరలతో బిగించింది. ఊపి చూసింది. బల్ల ఊగింది కానీ యోక్ ఊగలేదు. లీవర్ల పెట్టెని కుడిచేతి వాటంలో పెట్టింది. పెడల్స్ నున్నటి నేల మీద జారిపోకుండా కింద రబ్బరు చాప పరిచింది. ఒక్కో వైరుకి ఒక్కో రంగు టేపు చుట్టింది. ఎల్లుండి ఇవన్నీ విప్పి హాల్లో మళ్ళీ కలపాలి. అప్పుడు వెతుక్కోకూడదు.

తర్వాత అసలు పని. సిమ్యులేటర్‌కి ఒక చెడ్డ అలవాటుంది. కొత్త పరికరం తగిలించగానే కొత్తల్లుడొచ్చినట్టు హడావిడి పడి, అడక్కుండానే పనులన్నీ అప్పగించేస్తుంది. పాతవాడి చేతిలోంచి మాత్రం ఏదీ తీసుకోదు. దాంతో ఒకే ఇంజన్‌ని పాత స్టిక్ మీదున్న లీవరూ, కొత్త లీవరూ చెరోవైపు లాగుతాయి. ఇంజన్ గురకపెట్టి లేచి మళ్ళీ పడుకుంటుంది. వదిన ఆ జోడు పనుల్ని ఒక్కొక్కటే వెతికి తీసేసింది. బ్రేకులు తిరగబడ్డాయి. కాలు తీస్తే పడుతున్నాయి, నొక్కితే వదులుతున్నాయి. వాటిని బోర్లించింది. యోక్ నడిమధ్యలో అణువంత వణుకుంది. అంతమేర సిమ్యులేటర్ పట్టించుకోకుండా చచ్చుజాగా వదిలింది. వణుకు పోయేంత మాత్రమే. ఎక్కువ వదిలితే చెయ్యి తిప్పినా విమానం నిద్రపోతుంది.

పెద్ద జెట్ సంగతి వేరు. అది వేరే వాళ్ళు తయారు చేసి అమ్మిన విమానం. సిమ్యులేటర్‌లో కాపురం ఉంటుంది కానీ దాని పొయ్యి దానిదే. దానికి సొంత సెట్టింగుల పలక ఒకటి కాక్‌పిట్‌లోనే ఉంటుంది. లీవర్లు ఎక్కడుంటే ఇంజన్ మూలుగుతుందో, ఎక్కడుంటే పూర్తి బలం ఇస్తుందో అక్కడే విడిగా నేర్పాలి. నేర్పింది.

ఇక మిగిలింది పెడల్స్. పాతవాటికి ఏ పని అప్పగించి ఉందో చూసి అదే కొత్తవాటికి ఇద్దామని సెట్టింగు తెరిచింది.

రడ్డర్ అన్న వరుసకెదురుగా పాత పెడల్స్ దగ్గర ఏమీ లేదు. ఖాళీ.

వంగి పాత పెడల్‌ని చేత్తో నొక్కింది. తెర మీద చిన్న గీత కదిలింది. అంటే పెడల్ బతికే ఉంది. దానికి పనే లేదు.

"ఏమే, ఇలా రా," అని పిలిచింది.

తోడికోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమైందక్కా?"

"ఈ పెడల్స్ వైరు ఎవరైనా మార్చారా?"

"ఎప్పుడో ఈ గది దులిపినప్పుడు అన్నీ పీకేసి మళ్ళీ గుచ్చానక్కా. ఏ కన్నంలో గుచ్చినా ఒకటే కదా?"

"మనకి ఒకటే. దీనికి కాదు. కన్నం మారితే కొత్త మనిషి అనుకుంటుంది. పాత పనులన్నీ మర్చిపోతుంది. ఈ పెడల్స్‌కైతే కొత్త పనీ ఇవ్వలేదు."

తోడికోడలు పెడల్స్ వంక చూసింది. తెర వంక చూసింది. తర్వాత మెల్లిగా, "మరి ఆయన రోజూ టపటపా తొక్కుతుంటారే?" అంది.

వదిన కుర్చీలో కూర్చుంది. కొరికించే వేళయింది.

పాత స్టిక్‌నే మళ్ళీ తగిలించి, టవర్ పెట్టిన గాలే పెట్టి పెద్ద జెట్‌ని రన్‌వే ముందు గాల్లో నిలిపింది. ఆటో రడ్డర్ టిక్ ఉంది. దిగుతూ, నేల దగ్గరయ్యాక స్టిక్‌ని మెలితిప్పకుండా ఊరుకుంది. కంప్యూటరే తిప్పేటట్టయితే ఇప్పుడు తిప్పాలి. తిప్పలేదు. విమానం పక్కవాటుగానే నేలని తాకి, కీచుమంటూ గడ్డిలోకి దూసుకుపోయింది.

టిక్ తీసేసింది. మళ్ళీ అదే. అదే కీచు, అదే గడ్డి. టిక్ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. పెద్ద జెట్ ఆ టిక్ మాట వింటేగా! దాని పొయ్యి దానిదే.

స్టిక్ మీంచి చెయ్యి తీసి వేళ్ళ వంక చూసుకుంది.

"అంటే మొన్న..." అంది తోడికోడలు.

"ఆగు. ఇంకోటుంది."

మరిది చిన్న విమానాన్ని తెచ్చింది. టిక్ పెట్టింది. అదే గాలి. స్టిక్ మెలితిప్పలేదు, పెడల్ ముట్టుకోలేదు. బండికి అలవాటైన ఎద్దులా అది తనంతట తనే ముక్కు సరిచేసుకుని మధ్యగీత మీద దిగింది. గీత గీసినట్టు. టిక్ తీసి మళ్ళీ దింపింది. గడ్డి.

తోడికోడలు నేల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "అంటే ఇన్నాళ్ళూ మా ఆయన కుట్టుమిషను తొక్కుతున్నారన్నమాట. దారం లేకుండా!"

వదినకి నవ్వు రాలేదు. లేచి కిటికీ దగ్గరకెళ్ళి వీధిలోకి చూసింది. ఎవరో స్కూటర్ కడుక్కుంటున్నారు. ఎదురింటి డాబా మీద బట్టలు గాలికి ఒకే వైపు కొట్టుకుంటున్నాయి. తనే దింపింది. ఆ ముక్కుని ఆ గాలిలో తన చెయ్యే తిప్పింది. ఎవరూ పట్టుకోలేదు, పక్క చక్రాలు లేవు.

"అక్కా, చెప్పొద్దు," అంది తోడికోడలు కళ్ళు తుడుచుకుని. ఆ కళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. "జనం చూడ్డానికి బాగుంటుందని ఆదివారం ఆడించేది పెద్ద జెట్టే కదా. కూర్చోనీ. జనమంతా చూస్తుండగా గడ్డిలోకి వెళ్తే ఎలా ఉంటుంది?"

"నీ మొగుడే!"

"నా మొగుడే కాబట్టి అంటున్నా. సగం హక్కు నాదే."

ఒక్క నిమిషం వదినకి ఆ దృశ్యం కనబడింది. హాలు, తెర, గడ్డి, మరిది మొహం. బాగుంది. చాలా బాగుంది. తర్వాత ఆమె వంగి, కొత్త పెడల్స్‌కి రడ్డర్ పని అప్పగించి, రెండు వైపులా చివరిదాకా నొక్కి సరిచూసింది.

"నేను సెట్ చేసిన సామాను మీద ఎవరూ పడిపోకూడదు," అంది. "రేపు చెప్తా."

శనివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మరిది కొత్త కాక్‌పిట్ చూసి గంతులేశాడు. లీవర్లు నెట్టాడు, యోక్ తిప్పాడు. "వదినా, నీ చేతులకి బంగారు తొడుగులు చేయించాలి!"

"అది తర్వాత. ముందు ఇది విను."

చెప్పింది. ఖాళీ వరుస సంగతి, టిక్ సంగతి, జెట్ దాన్ని లెక్కచెయ్యని సంగతి. నాన్చకుండా, డాక్టరుకి పన్ను కొలత చెప్పినట్టు చెప్పింది.

"జోకా?"

"కూర్చో. టిక్ తీసేశా."

కూర్చున్నాడు. తన చిన్న విమానాన్నే తీసుకున్నాడు. గడ్డిలోకి వెళ్ళింది.

"గాలి ఎక్కువ పెట్టావు."

"టవర్ గారు పెట్టినంతే."

మళ్ళీ దిగాడు. ఈసారి పెడల్ గట్టిగా తొక్కాడు, అటుది ఇటు. రన్‌వేకి రెండోవైపు గడ్డి కూడా చూసొచ్చాడు.

"ఈ పెడల్స్ బిగుసుగా ఉన్నాయి వదినా."

"వదులుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తొక్కినవి అసలు లేవు. అదీ తేడా."

పెద్ద జెట్‌తో ప్రయత్నించాడు. దాన్ని గడ్డి దాకా కూడా తీసుకెళ్ళలేకపోయాడు. తెర నల్లబడింది. అందులో అతని మొహం కనిపించింది, బుగ్గలు జారిపోయి. యోక్ వదిలి వదిన వైపు తిరిగాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మీ ఆవిడకీ."

"అయితే ఊరంతా తెలిసినట్టే."

"ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వరకూ టైముంది మరిదీ. లేవకు. నేను నేర్పిస్తా. కాలు తొందరపడుతోంది నీకు, అంతే. రెండు మూడు గంటలు కూర్చుంటే వస్తుంది."

అతను లేచాడు. "షోరూమ్‌కి వెళ్ళాలి," అన్నాడు. మెట్లు దిగి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మిగతా సాయంత్రం ఆమే కూర్చుంది. కొత్త యోక్‌ని స్టిక్‌లా మెలితిప్పడం కుదరదు. ఎవరైనా పెడల్స్ తొక్కాల్సిందే. పెడల్స్‌ని రబ్బరు చాపతో సహా తన కాళ్ళ దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో! మనిషి కింద దిండ్లు పెట్టారు కానీ పెడల్స్‌ని మాత్రం జరపలేదు. కాళ్ళకి చేతికున్నంత తెలివి ఇంకా రాలేదు. జెట్ ఒకసారి బాగా దిగింది, ఒకసారి కుంటుతూ దిగింది. గడ్డిలోకి మాత్రం పోలేదు.

ఆదివారం హాల్లో కాలు పెట్టే సందు లేదు. ఒక మూల బొమ్మ రైళ్ళు తిరుగుతున్నాయి, ఇంకో మూల కాగితం పడవల పోటీ. క్లబ్బు బల్ల దగ్గర ఎత్తైన తెర. వదిన రంగు టేపులు చూసుకుంటూ వైర్లన్నీ వాటి వాటి కన్నాల్లోనే గుచ్చింది. ఆమె భర్త షాపు మూసి మరీ వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు మరిది. కుడి మణికట్టుకి తెల్లటి బ్యాండేజీ, మోచేతి దాకా.

"ఏమైంది కెప్టెన్?" టవర్ కంగారుపడ్డాడు.

"పరుపుల కట్ట మీదపడింది సార్. బెణికింది. యోక్ పట్టుకోలేను." వదిన వైపు చూడకుండా అన్నాడు. "వదిన కూర్చుంటుంది. ఆమె బాగా దింపుతుంది."

"పరుపుల కట్టా?" అంది తోడికోడలు. "పరుపు మీదపడి చెయ్యి బెణికిన మొదటి మనిషి మీరేనేమో!"

టవర్ మొహం విప్పారింది. "సరే మరి. కెప్టెన్‌కి దెబ్బ తగిలింది కాబట్టి ఈసారికి మినహాయింపు. రండి వదినగారూ, కూర్చోండి."

కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద పెద్ద జెట్ గాల్లో వేలాడుతూ ఎదురుచూస్తోంది. జనం అప్పుడే పోగవుతున్నారు. వదిన కదల్లేదు.

"నేను కూర్చోను," అంది.

"అదేమిటమ్మా?"

"మా మరిది చెయ్యి బెణకలేదు. దెబ్బ తగిలినవాడి కుర్చీ నాకొద్దు. మినహాయింపు అసలే వద్దు."

మరిది ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, కుర్చీ ఇచ్చేశా కదా! ఇంకేం కావాలి?"

"కుర్చీ నువ్విచ్చేదేమిటి? బుధవారమే నాది. నువ్వు తీసుకున్నది కుర్చీ కాదు, ఆ ల్యాండింగు. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే వెనక్కి తీసుకో. తర్వాత కట్టు కట్టుకుంటావో, గుండు గీయించుకుంటావో నీ ఇష్టం."

"ఇంతమంది ముందా? ఇంటికెళ్ళాక చెప్తా. టవర్ గారికి ఫోన్ చేసి మరీ చెప్తా."

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. టవర్ గడియారం చూసుకున్నాడు. జనంలో ఎవరో "ఎప్పుడు మొదలెడతారండీ?" అని అరిచారు. ఆమె భర్త ముందు వరుసలో కళ్ళజోడు తీశాడు. తుడుస్తాడేమో అనుకుంది. తుడవలేదు, చేతిలో పట్టుకుని తమ్ముడి వంకే చూస్తూ కూర్చున్నాడు.

మరిది మెడ మీద చెమట కనిపించింది. అతను తల వంచి, బ్యాండేజీ కొస వెతికి, విప్పడం మొదలుపెట్టాడు. చాలా పొడుగుంది. విప్పుతూనే ఉన్నాడు. పిల్లలెవరో నవ్వారు. ఆఖరికి దాన్ని జేబులో కుక్కుకుని మైకు అందుకున్నాడు.

"అందరికీ నమస్కారం," అన్నాడు. "మా క్లబ్బు వాళ్ళకి ఒక మాట చెప్పాలి. మిగతావాళ్ళు కూడా వినండి, నష్టం లేదు. మొన్న మా వదిన పక్కగాలిలో విమానం దింపితే, అది ఆమె దింపలేదు, కంప్యూటర్ దింపిందన్నాను. తప్పు. ఆ విమానానికి కంప్యూటర్ సాయం అందనే అందదు. ఆమే దింపింది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "కంప్యూటర్ దింపింది నన్ను. ఇన్నాళ్ళుగా నేను తొక్కుతున్న పెడల్స్‌కీ విమానానికీ ఏ చుట్టరికమూ లేదు. కావాలంటే నాకు తెలిసినవాళ్ళెవరికైనా కసరత్తుకి ఇచ్చేస్తాను."

హాల్లో నవ్వులు లేచాయి. తోడికోడలు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఎకసెక్కం లేదని వదినకి అనిపించింది.

టవర్ హెడ్‌ఫోన్లు మెడ మీదకి దించి, కాసేపు ఆలోచించి, మళ్ళీ తలకి తగిలించుకున్నాడు. "అయితే బుధవారం కెప్టెన్ ల్యాండింగు కొట్టేస్తున్నాను. వదినగారిది నిలబడింది. రూల్ రూలే."

అప్పుడు కూర్చుంది వదిన. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మరిది ఎటూ తోచక నిలబడితే పక్క కుర్చీ చూపించింది. "తెర మీద విమానం ఎత్తు చదువు. గట్టిగా చదువు, గొణక్కు."

"సరే వదినా."

విమానం కిందికి దిగసాగింది. గాలి కుడినుంచి కొడుతోంది. రన్‌వే ఎడమ పక్కకి జారింది. మరిది ఎత్తు చదువుతున్నాడు. అతని గొంతు స్థిరంగా ఉంది. జనం సద్దుమణిగారు. బొమ్మ రైళ్ళ చప్పుడు కూడా ఆగింది. ఆమె ఎడమకాలు పెడల్ మీద మెల్లిగా బరువు వేసింది. ముక్కు గీత మీదకి వచ్చింది. కానీ కాలి ధ్యాసలో పడి చెయ్యి ఒక్క క్షణం వెనకబడింది. చక్రాలు గట్టిగా తాకాయి. విమానం ఎగిరింది.

హాలంతా "అయ్యో!" అంది.

మరిది చెయ్యి యోక్ వైపు లేచి, గాల్లోనే ఆగి, మళ్ళీ ఒళ్ళో పడింది. ఆమె కంగారు పడలేదు. యోక్‌ని బిగబట్టి ఉంచింది, కాలు వదల్లేదు. ముక్కు గీత మీదే ఉంది. విమానం మళ్ళీ నేలకి వచ్చింది, కుడి చక్రం, ఎడమ చక్రం. ఈసారి అక్కడే ఉండిపోయింది. నడిగీత మీద పరిగెత్తుతూ వేగం తగ్గింది.

చప్పట్లు మొదలయ్యాయి. టవర్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి వంగాడు. "బుధవారంది ఇంతకన్నా మెత్తగా ఉంది కదమ్మా. ఏమైంది?"

"కొత్త పెడల్స్ సార్," మరిది గబగబా అందుకున్నాడు. "వదిన కాళ్ళకింకా అలవాటు..."

"పెడల్స్ ఏం చేశాయి పాపం," అంది వదిన, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. "అవి సరిగ్గానే ఉన్నాయి, సెట్ చేసింది నేను. ఎగరేసింది కూడా నేనే. బుధవారం మెత్తగా దింపిందీ నేనే, ఇవాళ గంతు వేయించిందీ నేనే. రెండూ నా పేరునే రాసుకోండి టవర్ గారూ."

బ్రేకు నొక్కి, విమానాన్ని రన్‌వే మీంచి పక్క దారిలోకి తిప్పింది.